జపనీస్ నేర్చుకోవాలనుందా? ముందు ఇంగ్లీషు నోట్సు పక్కన పెట్టండి

నేను జపనీస్ మొదలుపెట్టినప్పుడు చేసిన మొదటి తప్పు, దాన్ని ఇంగ్లీషులో నేర్చుకోవడం. కోచింగ్ సెంటర్లో సారు చెప్పేది ఇంగ్లీషు, పుస్తకంలో వివరణలు ఇంగ్లీషు, నేను రాసుకున్న నోట్సూ ఇంగ్లీషే. “నిన్న నేను కొన్న పుస్తకం” అనే మాట జపనీస్‌లో ఎలా వస్తుందో చెప్పడానికి ఆ పుస్తకంలో రెండు పేజీల నిండా బాణం గుర్తులు గీశారు, ఎందుకంటే ఇంగ్లీషువాడికి అది పూర్తిగా తలకిందులు. నేనూ బుద్ధిగా ఆ బాణాలన్నీ బట్టీపట్టాను. తర్వాత ఒక రోజు ఇంట్లో అమ్మ “నువ్వు నిన్న తెచ్చిన సంచి ఎక్కడ పెట్టావురా?” అంటే టక్కున వెలిగింది. నువ్వు, నిన్న, తెచ్చిన, సంచి. జపనీస్‌లోనూ సరిగ్గా ఇదే వరస: వతషి గ (నేను) కినో (నిన్న) కత్త (కొన్న) హొన్ (పుస్తకం). ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. ఎనిమిది నెలలు తెలుగును ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును జపనీస్‌లోకి మారుస్తూ, దగ్గరి దారి ఉండగా ఊరంతా తిరిగి వచ్చానన్నమాట.

అందుకే ఇది జపనీస్ ఎలా నేర్చుకోవాలో తెలుగువాళ్ళ కోసం రాస్తున్నది. జర్మన్ నేర్చుకుందామా, ఫ్రెంచ్ నేర్చుకుందామా అని ఇంకా ఊగిసలాడుతున్నవాళ్ళకు ఒక్కటే చెప్తాను: ఏ దేశంలో, ఏ పని చెయ్యాలో తేల్చుకున్నాక భాష దానంతట అదే తేలుతుంది. జపాన్ వైపు మనసు ఉంటే కింద చదవండి.

ముందు ఎందుకో తేల్చుకోండి

“ఫారిన్ లాంగ్వేజ్ ఉంటే రెజ్యూమెలో బాగుంటుంది” అని మొదలుపెట్టేవాళ్ళలో చాలామంది అక్షరాల దగ్గరే ఆగిపోతారు. కాబట్టి ఈ కింది నాలుగు దారుల్లో మీది ఏదో ఒక కాగితం మీద రాసుకోండి.

ఒకటి, ఇక్కడే ఉండి పనిచేయడం. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు బళ్ళు తయారుచేస్తుంది, డైకిన్ ఏసీలు తయారుచేస్తుంది, కొబెల్కో తవ్వకం యంత్రాలు తయారుచేస్తుంది. హైదరాబాద్ దగ్గర రుద్రారంలో తోషిబావాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తారు. ఇలాంటి చోట్ల జపాన్ నుంచి వచ్చిన ఇంజినీర్లకూ మనవాళ్ళకూ మధ్య మాట మోసేవాళ్ళు కావాలి. ఈ కంపెనీలకు విడిభాగాలో, ప్యాకింగో, రవాణానో సప్లై చేసే చిన్న వ్యాపారి అయినా సరే, అవతలివాళ్ళు పంపిన డ్రాయింగు మీద చేత్తో రాసిన రెండు ముక్కలు చదవగలిగితే ఆ మీటింగులో మీ కుర్చీ వేరు.

రెండు, ఐటీ. జపాన్ క్లయింటుకూ ఇక్కడి టీముకూ మధ్య నిలబడే మనిషిని బ్రిడ్జ్ ఇంజినీర్ అంటారు. దీనికి జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 స్థాయి అడగడం మామూలు (ఎన్5 అన్నిటికంటే తేలిక, ఎన్1 అన్నిటికంటే కష్టం). డిగ్రీ ఉన్నవాళ్ళు ఇంజినీరు వీసా మీద అక్కడికే వెళ్ళొచ్చు. అత్యున్నత నిపుణుల వీసాకు పాయింట్ల పద్ధతి ఉంది, 70 పాయింట్లు రావాలి, అందులో ఎన్2కి 10, ఎన్1కి 15 పాయింట్లు భాష పేరు మీదే ఇస్తారు.

మూడు, తొకుతెయ్ గినొ. అంటే నిర్దిష్ట నైపుణ్యాల వీసా. 2019 ఏప్రిల్‌లో మొదలైంది, మన దేశంతో 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది, 2024లో రంగాల సంఖ్యను 16కి పెంచారు. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, హోటళ్ళు, నిర్మాణం, బళ్ళ రిపేరు లాంటివన్నీ ఇందులోకే వస్తాయి. డిగ్రీ అక్కర్లేదు. ఆ రంగానికి సంబంధించిన నైపుణ్య పరీక్షతో పాటు భాషలో ఎన్4 గానీ, జేఎఫ్‌టీ బేసిక్ అనే, కంప్యూటర్ మీద రాసే జపనీస్ పరీక్షలో 250కి 200 గానీ రావాలి. వృద్ధుల సంరక్షణకు వెళ్ళేవాళ్ళకు ఆ పనిలో వాడే భాష మీద ఇంకో పరీక్ష అదనం. మొదటి రకం వీసా మొత్తం కలిపి 5 ఏళ్ళు, కుటుంబాన్ని తీసుకెళ్ళడం కుదరదు. ఈ చివరి మాట చాలామంది ఏజెంట్లు చెప్పరు, అందుకే నేను చెప్తున్నా.

నాలుగు, చదువు. దీని గురించి చివర్లో ఒక హెచ్చరిక ఉంది.

2025 ఆగస్టులో రెండు దేశాలూ కలిసి, వచ్చే ఐదేళ్ళలో 5 లక్షల మంది అటూ ఇటూ రాకపోకలు సాగించేలా, అందులో మన దగ్గర్నుంచి 50 వేల మంది నైపుణ్యం ఉన్నవాళ్ళు అక్కడికి వెళ్ళేలా ఒక ప్రణాళిక ప్రకటించాయి. ఇది చూపించి “ఇంక టెన్షన్ లేదు, అందరికీ ఉద్యోగాలే” అంటూ వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. తలుపు తీశారు, అంతే. లోపలికి నడవాల్సింది మీరే, అదీ జపనీస్ మాట్లాడుతూ.

మొదటి మూడు వారాలు: అక్షరాలు

జపనీస్‌లో హిరగానా, కతకానా అని రెండు లిపులు, ఒక్కోదాంట్లో 46 అక్షరాలు. ఇవి మన గుణింతం లాంటివి, ఒక గుర్తుకు ఒక అక్షరం మొత్తం పలుకుతుంది: క, కి, కు, కె, కొ. ఇంగ్లీషువాళ్ళకు ఈ సంగతి అర్థం చేయించడానికే ఒక క్లాసు పడుతుంది, మనకు అక్కర్లేదు.

వరస కూడా చూడండి. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ తర్వాత వరుసలు క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? బౌద్ధ భిక్షువులు మన దేశపు సిద్ధం లిపిని, సంస్కృత వర్ణక్రమాన్ని చదువుకున్న ప్రభావం అది. చ వరుస ఉండాల్సిన చోట స, ప ఉండాల్సిన చోట హ ఉన్నాయనుకుంటే వరస ఒక్క రోజులో వచ్చేస్తుంది.

మొదటి మూడు వారాలు నోట్సు తెలుగు అక్షరాల్లో రాసుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో కాదు. కారణం ఏంటంటే ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం తెలీదు, ఒత్తు సరిగా పలకం. జపనీస్‌లో ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే బామ్మ. ఒక దీర్ఘంతో మనిషి వయసు ముప్పై ఏళ్ళు పెరుగుతుంది! కితె అంటే “వచ్చి”, కిత్తె అంటే తపాలా బిళ్ళ. తెలుగులో రాస్తే ఈ తేడా కంటికి కనిపిస్తుంది, నోటికీ దానంతట అదే వస్తుంది. నాలుగో వారం నుంచి మాత్రం తెలుగు కూడా ఆపేసి నేరుగా హిరగానాలోకి దూకండి. ఇక్కడ మొహమాటపడి ఆరు నెలలు తెలుగులోనే రాసుకుంటూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళు చదవడంలో ఎప్పటికీ వెనకే.

పలకడంలో రెండు మూడు చోట్ల జాగ్రత్త. త వరుసలో “త్సు” అనే అక్షరం ఉంది. మన పెద్దవాళ్ళు చుక్క, చుట్ట అనేటప్పుడు పళ్ళ దగ్గర పలికే చు ఉంది చూడండి, దాదాపు అదే. మీరు సిటీలో పెరిగి ఆ చు పోగొట్టుకుని ఉంటే మీ నాయనమ్మతో ఓ పూట కూర్చోండి, ఫీజు లేని క్లాసు. రెండోది, మాట చివర ఉకారం. మనకు అన్ని మాటల్నీ అచ్చుతో సాగదీసి ముగించడం అలవాటు కదా, వాళ్ళు “దెసు” అని రాసి “దెస్” అని మింగేస్తారు, మాట మధ్యలోనూ అంతే, “సుకి”ని “స్కి” అంటారు. వినేటప్పుడు ఇది మొదట్లో బాగా తికమక పెడుతుంది. మూడోది ల. వాళ్ళకు ల లేదు, ఉన్నదంతా ర.

కతకానా ఎక్కువగా బయటి భాషల మాటలు రాయడానికి. ఇక్కడ నవ్వొచ్చే విషయం, ఇంగ్లీషు మాట చివర మనం ఉకారం తగిలిస్తాం, వాళ్ళూ ఉకారమో ఒకారమో తగిలిస్తారు. మన బస్సు వాళ్ళకు బసు, మన కప్పు వాళ్ళకూ కప్పు, బెల్టు బెరుతొ, బకెట్టు బకెత్సు. కాబట్టి తెలియని కతకానా మాట ఎదురైతే దాన్ని మా ఊరి తాతయ్య ఇంగ్లీషు మాట పలికినట్టు పలికి చూడండి, చాలాసార్లు అర్థం బయటపడుతుంది.

వ్యాకరణం: తెలుగు వాక్యం పక్కన పెట్టుకుని

ఇదే అసలు విషయం, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

పుస్తకం ఏది పట్టుకున్నా ఫర్వాలేదు. క్లాసుల్లో ఎక్కువగా వాడేది మిన్న నో నిహోంగో, మొత్తం 50 పాఠాలు, మొదటి 25 అయ్యేసరికి దాదాపు ఎన్5, మిగతా 25తో ఎన్4. పని కోసం వెళ్ళేవాళ్ళకు జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇరొదొరి ఇంకా నచ్చుతుంది, వాళ్ళ సైటులో ఉచితంగా దొరుకుతుంది, షాపులో, ఆఫీసులో, డాక్టరు దగ్గర ఏం మాట్లాడాలో ఉంటుంది. పుస్తకంలో ఇంగ్లీషు వివరణ ఉంటే ఉండనివ్వండి. కానీ ప్రతి కొత్త వాక్యం కింద మీరే ఒక తెలుగు వాక్యం రాయండి, పుస్తక భాషలో కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగులో. అప్పుడు ఏం జరుగుతుందో చూడండి.

“తబెతె మిరు” అనే ప్రయోగాన్ని ఇంగ్లీషులో “తినడానికి ప్రయత్నించు” అని వివరిస్తారు. అందులో తబెతె అంటే తిని, మిరు అంటే చూడు. తిని చూడు! అంతే. “కైతె ఒకు” అంటే రాసి పెట్టు, ఒకు అనే క్రియకు విడిగా ఉన్న అర్థం కూడా పెట్టడమే. “తబెతె షిమత్త” అంటే తినేశా, మీరు ఫ్రిజ్‌లో తమ్ముడి కోసం దాచిన స్వీటు తినేసి కొంచెం తప్పు చేసినట్టు అంటారే, ఆ రుచితో సహా. ఇంట్లోంచి బయల్దేరుతూ “ఇత్తె కిమసు” అంటారు, మాటకు మాట పెడితే వెళ్ళి వస్తా. మన ఇళ్ళల్లో “వెళ్తున్నా” అంటే పెద్దవాళ్ళు “వెళ్ళొస్తా అనాలి” అని ఎలా దిద్దుతారో మీకు తెలుసు కదా, వాళ్ళకూ రోజూ అనే మాట అదే.

“వస్తానని చెప్పాడు” అనే వాక్యంలో మనకు “అని” ఎక్కడుందో వాళ్ళకు “తొ” అక్కడే ఉంటుంది: కురు తొ ఇత్త. ఆగు, ఆపు అని మనకు రెండు క్రియలున్నట్టు వాళ్ళకు తొమరు, తొమెరు ఉన్నాయి. మారు, మార్చు ఉన్నట్టు కవరు, కఎరు ఉన్నాయి. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకే మాట కాబట్టి ఆ దారిన నేర్చుకున్నవాళ్ళు ఎన్3 దాకా వెళ్ళినా ఇక్కడ తప్పులు చేస్తూనే ఉంటారు. బండి ఆగిందా, ఆపారా అనే తేడా మనకు పుట్టుకతో వచ్చింది, దాన్ని వాడుకోకపోతే ఎలా?

ఇంకా, అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అని మనకు నాలుగు మాటలు, వాళ్ళకూ సరిగ్గా నాలుగు: అని, ఒతొతొ (ఇందులో మొదటి తొ సాగుతుంది), అనె, ఇమొతొ (దీంట్లో మొ సాగుతుంది). వస్తువులకు రెండు, మూడు, మనుషులకు ఇద్దరు, ముగ్గురు అని మనం ఎందుకు మారుస్తామో వాళ్ళకు వివరించక్కర్లేదు, వాళ్ళ లెక్కలు అంతకంటే ఘోరం. సన్నగా పొడుగ్గా ఉన్నవాటికి ఒకటి, పల్చగా ఉన్నవాటికి ఒకటి, యంత్రాలకు ఒకటి, చిన్న జంతువులకు ఒకటి. ఇవి పట్టికలుగా బట్టీపట్టకండి, ఇంట్లో కనిపించినవి లెక్కపెడుతూ నేర్చుకోండి. గలగల, టపటప లాంటి జంట మాటలు వాళ్ళకు వందల కొద్దీ ఉన్నాయి. గుండె దొకిదొకి అని కొట్టుకుంటుంది, భాష ధారాళంగా వచ్చినవాడు పెరపెర మాట్లాడతాడు.

పైగా తిన్నాను, తిన్నావు, తిన్నాడు, తిన్నారు అన్నిటికీ వాళ్ళకు ఒక్కటే, తబెత. తెలుగు నేర్చుకోవడానికి వచ్చే జపాన్ మనిషిని తలుచుకుంటే జాలేస్తుంది.

అయితే తెలుగు కాపాడని చోట్లు కూడా ఉన్నాయి, అవి ముందే తెలుసుకుంటే మంచిది. మనకు “లో” ఒకటే. హైదరాబాద్‌లో ఉన్నాను, హైదరాబాద్‌లో తిన్నాను. వాళ్ళకు ఉండే చోటుకు “ని”, పని జరిగే చోటుకు “దె”. నా పరీక్ష కాగితాల్లో పోయిన మార్కుల్లో సగం ఈ రెండింటి పుణ్యమే. “వ”, “గ” అనే రెండు ప్రత్యయాల తేడా ఇంకో తలనొప్పి. “నేనైతే కాఫీ” అనేటప్పుడు వచ్చే “అయితే” రుచి కొంతవరకు “వ”లో ఉంటుందని గుర్తుపెట్టుకుంటే మొదటి ఏడాది గడిచిపోతుంది, మిగతాది వినగా వినగా వస్తుంది. ఇవ్వడానికి కూడా రెండు క్రియలు, నేను ఇతరులకు ఇస్తే అగెరు, ఇతరులు నాకు ఇస్తే కురెరు. చదివి పెట్టు, తెచ్చి పెట్టు అని మనం సాయం అడిగే తీరులోనే ఇవీ వేరే క్రియల వెనక చేరతాయి, కానీ సాయం ఎటు నుంచి ఎటు వెళ్తోందో మనం చెప్పం, వాళ్ళు చెప్పి తీరాలి.

కంజి: భయపడండి, కానీ కొంచెమే

చైనా నుంచి తెచ్చుకున్న ఈ బొమ్మల్లాంటి అక్షరాల్లో రోజువారీ వాడుకకు ప్రభుత్వం పెట్టిన జాబితాలో 2,136 ఉన్నాయి. అక్కడి పిల్లలే ఆరేళ్ళ ప్రాథమిక చదువులో 1,026 నేర్చుకుంటారు. మీరు రోజుకు ఐదు చొప్పున వెళ్ళండి, ఆదివారం కొత్తవి వద్దు, పాతవి తిరగెయ్యండి. అంకి లాంటి కార్డుల యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకుంటే ఏది ఎప్పుడు మళ్ళీ చూడాలో అదే గుర్తుచేస్తుంది.

అందరూ బెంబేలెత్తేది ఒక్కో కంజికి రెండు మూడు ఉచ్చారణలు ఉండటం చూసి. దీనికీ తెలుగులోనే మందుంది. నీళ్ళు అంటాం, కానీ నీళ్ళపాతం అనం, జలపాతం అంటాం. నిప్పు అంటాం, కానీ నిప్పుకొండ పక్కనే అగ్నిపర్వతం కూడా అంటాం. విడిగా ఉంటే అచ్చ తెలుగు, సమాసంలో చేరితే సంస్కృతం. వాళ్ళకు సంస్కృతం స్థానంలో పాత చైనా భాష ఉంది. నీటి కంజి విడిగా ఉంటే మిజు, సమాసంలో సుయ్. నిప్పు విడిగా హి, సమాసంలో క. కొండ విడిగా యమ, సమాసంలో సన్ లేదా జన్. నిప్పు, కొండ కలిపితే కజన్, అంటే అగ్నిపర్వతమే! ఉచ్చారణల జాబితాలు విడిగా నేర్చుకోకండి, మాటలు నేర్చుకోండి, జలపాతం, జలాశయం, జలుబు ఏది ఏ గూటిదో మీకు ఎవరూ పట్టిక ఇవ్వలేదు కదా.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు ఒక చిట్కా. మీ షాపు గోడ మీద 5ఎస్ (పనిచోటు సర్ది శుభ్రంగా ఉంచే ఐదు సూత్రాలు) బోర్డు ఉంటే సెయ్‌రి, సెయ్‌తొన్, సెయ్‌సొ, సెయ్‌కెత్సు, షిత్సుకె అనే మాటలు మీకు ఇప్పటికే వచ్చు. కైజెన్ (మెరుగుపరచడం), గెంబ (పని జరిగే చోటు) కూడా. వాటి కంజిలతోనే మొదలుపెట్టండి, రేపు డ్యూటీలో గోడ మీదే రివిజన్.

వినడం, మాట్లాడటం

ఇక్కడ నా పరువు పోయిన కథ చెప్పాలి. ఎన్4 మొదటిసారి రాసినప్పుడు నాకు 180కి 104 వచ్చాయి. పాస్ మార్కులు 90. అయినా ఫెయిల్. వినికిడి భాగంలో 60కి కనీసం 19 రావాలి, నాకొచ్చినవి 17. ఏడాదిన్నర పుస్తకం మీద తల వంచుకుని కూర్చున్నాను, చెవులకు పని చెప్పలేదు.

తర్వాత చేసింది ఇది. రెండు నిమిషాల ఆడియో ఒకటి తీసుకోవడం. మొదట ఊరికే వినడం, తర్వాత రాసి ఉన్నది చూస్తూ వినడం, ఆ తర్వాత వాళ్ళ వెనకే అర సెకను తేడాతో నీడలా పలకడం, చివర్లో నా గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని పోల్చుకోవడం. ఒక ముక్కతో నాలుగు రోజులు. రోజూ కొత్త వీడియో చూసేవాళ్ళ కంటే పాత ముక్కను నలభై సార్లు అరగదీసినవాళ్ళకే చెవి తెరుచుకుంటుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని యానిమే చూడటం సరదాకు మంచిదే, చదువు లెక్కలో మాత్రం వెయ్యకండి. అందులో కుర్రాళ్ళు మాట్లాడే తీరు ఆఫీసులో వాడితే, మన సినిమా రౌడీ డైలాగుతో మేనేజర్‌ని పలకరించినట్టు ఉంటుంది. చదవడానికి జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ళ తేలిక జపనీస్ వార్తలు బాగుంటాయి, కంజి పైన చిన్న అక్షరాల్లో ఉచ్చారణ కూడా ఇస్తారు.

మాట్లాడటానికి తోడు దొరక్కపోతే మీతో మీరే మాట్లాడుకోండి. వంట చేస్తూ ఉల్లిపాయ కోస్తున్నా, నూనె పోశా, అయ్యో మాడిపోయింది అని జపనీస్‌లో గొణుక్కోవడం. ఇంట్లోవాళ్ళు మొదటి వారం వింతగా చూస్తారు, రెండో వారం వదిలేస్తారు.

పరీక్ష ఎప్పుడు, ఎలా

జేఎల్‌పీటీలో ఎన్5 అడుగు మెట్టు, ఎన్1 పైమెట్టు. ఏడాదికి రెండుసార్లు, జూలైలో, డిసెంబరులో మొదటి ఆదివారం జరుగుతుంది. దరఖాస్తులు నెలల ముందే తీసుకుంటారు, చెన్నై, బెంగళూరు లాంటి చోట్ల సీట్లు త్వరగా నిండుతాయి కాబట్టి జూలై పరీక్షకు ఫిబ్రవరి చివరి నుంచే, డిసెంబరు పరీక్షకు జూలై చివరి నుంచే కన్నేసి ఉంచండి. నా సలహా అయితే ఎన్5 మానేసినా నష్టం లేదు, దానితో ఉద్యోగం రాదు, కానీ పరీక్ష హాలు భయం పోవాలంటే రాయండి. రోజుకు గంటన్నర నిజాయితీగా కూర్చునేవాళ్ళు ఏడాదిలో ఎన్4, రెండేళ్ళకు ఎన్3 అందుకోవడం నేను చూశాను. ఎన్3 నుంచి ఎన్2కి మధ్య పెద్ద లోయ ఉంటుంది, అక్కడ ఆర్నెల్లు ఏమీ ఎదగనట్టే అనిపిస్తుంది, మానెయ్యకండి.

ఒక్కటి మరవకండి, ఈ పరీక్షలో మాట్లాడటం లేదు, రాయడం లేదు, అంతా గుర్తులు పెట్టడమే. ఎన్2 సర్టిఫికెట్ చేతిలో ఉండి ఇంటర్వ్యూలో నోరు తెరవలేనివాళ్ళున్నారు. జికొషొకయ్ అనే స్వపరిచయం రెండు నిమిషాలది ఇప్పుడే తయారుచేసుకోండి, నిద్రలో లేపినా చెప్పేలా.

ఆఫీసులో భాష వేరే భాష

మీరు మాట్లాడుతుంటే జపాన్ మేనేజరు హయ్, హయ్ అంటూ తలూపుతాడు. అంటే ఒప్పుకున్నాడని మనవాళ్ళు సంబరపడి మెయిల్ పెట్టేస్తారు. అది ఒప్పుకోవడం కాదు, ఊ కొట్టడం. కథ చెప్తుంటే మనవడు ఊ కొట్టినట్టు, వింటున్నా అని అర్థం. దాన్ని అయ్‌జుచి అంటారు, ఫోన్లో మీరు ఊ కొట్టకపోతే లైను కట్టయిందనుకుంటారు. అలాగే ధర చెప్పాక “కెంతొ షిమసు” (పరిశీలిస్తాం) అన్నారా? మన “చూద్దాం లెండి” ఉందే, అదే. పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వెళ్ళినచోట ఆ మాట వింటే మనం ఇంకో సంబంధం వెతుక్కుంటాం కదా, ఇక్కడా ఇంకో దారి వెతుక్కోండి.

గారు అలవాటు ఒక చోట కొంప ముంచుతుంది. “మా మేనేజరు గారు లేరండీ” అనడం మనకు మర్యాద. జపనీస్‌లో బయటి కంపెనీ మనిషితో మాట్లాడేటప్పుడు సొంత కంపెనీ మనిషికి, ఎండీ అయినా సరే, పేరు చివర సన్ (మన గారు లాంటిది) తగిలించకూడదు. సొంతవాళ్ళను తగ్గించి, ఎదుటివాళ్ళను పెంచాలి. నోరు తిరగడానికి టైం పడుతుంది, ముందు మెయిల్స్‌లో అలవాటు చేసుకోండి. ఇంక హొరెన్సొ అనే మాట మొదటి వారంలోనే వింటారు, పాలకూరకు కూడా అదే పేరు, కానీ ఆఫీసులో దాని అర్థం చెప్పడం, తెలియజెయ్యడం, సలహా అడగడం. పని పూర్తయ్యాక చూపిద్దాంలే అనుకోవడం మన పద్ధతి. సగంలో ఉండగానే, ముఖ్యంగా తేడా కొడుతున్నప్పుడే చెప్పడం వాళ్ళ పద్ధతి.

డబ్బు కట్టే ముందు

విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉన్నాడో లేదో ముందు చూడండి. నమోదైనవాడు మీ దగ్గర తీసుకోగల సర్వీసు చార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగితే రసీదు ఏ పేరుతో ఇస్తారో అడగండి, జవాబు వినకముందే విషయం అర్థమవుతుంది. తెలంగాణవాళ్ళకు టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, జపాన్ ఉద్యోగాల ప్రకటనలు అక్కడా వస్తుంటాయి. “భాష రాకపోయినా ఫర్వాలేదు, వెళ్ళాక నేర్చుకోవచ్చు” అన్నవాడి దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చెయ్యండి.

చదువు వీసా సంగతి. అప్పు చేసి భాషా పాఠశాలలో చేరి, పార్ట్‌టైం చేసి తీర్చేద్దామని లెక్కలేస్తారు. విద్యార్థికి వారానికి 28 గంటలే అనుమతి, దాటితే వీసాకే ఎసరు. ఆ 28 గంటల జీతంతో అద్దె, తిండి, రాకపోకలు పోగా ఫీజుకు ఏం మిగులుతుందో ఇక్కడే కాగితం మీద వేసుకోండి. భాష రాకుండా వెళ్తే దొరికేవి రాత్రి షిఫ్టులే, పొద్దున క్లాసులో నిద్ర. ఇక్కడ ఎన్4 అయ్యాక వెళ్తే అదే 28 గంటలు మనుషులతో మాట్లాడే దుకాణంలో గడుస్తాయి.

ఇంకో చిన్న పని ఉంది, ఈ రోజే చెయ్యొచ్చు. మీ పేరు కతకానాలో ఎలా రాయాలో తేల్చుకోండి. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత అనే పద్ధతి వాళ్ళదీ మనదీ ఒకటే, కాబట్టి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటే ఇప్పుడే పూర్తిగా రాయించుకోవడం మేలు. ల లేదు కాబట్టి లక్ష్మి రకుషుమి అవుతుంది, వెంకట బెంకత అవుతుంది, బాధపడకండి. ఏ స్పెల్లింగు ఎంచుకుంటే అదే బ్యాంకు ఖాతాకు, జీతం ఫారానికి, ఫోన్ కనెక్షన్‌కు వాడండి. ఒక దీర్ఘం తేడా వచ్చినా కౌంటరులో ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా వంగి నమస్కారం పెట్టి, ఫారం వెనక్కిచ్చి, మళ్ళీ మొదటి నుంచి రాయమంటుంది.